సూది పోయిన దారి

మా యింటి అటకమీద, పాత పంచాంగముల కట్టకును పగిలిన లాంతరు చిమ్నీకిని నడుమ, జానెడు పొడవుగల యొక లోహపు పెట్టె చిరకాలము పడియుండెను. పైని నికెలు పూత అక్కడక్కడ లేచిపోయి లోని యిత్తడి పచ్చగా తొంగిచూచుచుండెను. మొన్నటి సంక్రాంతికి ఇల్లు దులుపుచు దానిని దింపి మూత తీసి చూడగా, లోపల చిల్లుల పళ్ళెము, దానిపై రెండు గాజు సిరంజిలు, ఒక పట్టకారు, దూది నడుమ భద్రముగా పరుండబెట్టిన ఆరు సూదులు కనబడినవి. ప్రతి సూది రంధ్రమునందును వెంట్రుకవంటి సన్నని తీగ దూర్చియుండెను. అది మా పెదనాన్నగారి పెట్టె. ఆయన కృష్ణా డెల్టాలోని యొక తాలూకా ఆసుపత్రిలో కంపౌండరుగా ముప్పదియేండ్లు పనిచేసి, పదవి విరమించి స్వగ్రామము చేరిన పిమ్మట, పట్నపు డాక్టరు వ్రాసియిచ్చిన సూదిమందును ఊరివారికి తమ వీథియరుగు మీదనే వేయుచుండెడివారు.

ఆ సూదిమందు వేయుట యొక చిన్న యజ్ఞమువలె జరిగెడిది. పెట్టెలో సామగ్రి మునుగునంత నీరు పోసి, స్పిరిటు దీపము వెలిగించి, నీరు తెర్లుట మొదలైన క్షణమునుండి గోడగడియారముపై చూపు నిలిపి, ఇరువది నిమిషములు గడచువరకు ఆయన ఎవ్వరితోను మాటలాడెడివారు కారు. జ్వరముతో వచ్చినవాడు ఎంత మూల్గినను, “నీళ్ళు కాగనీరా అబ్బాయీ, సూది ఎక్కడికీ పోదు” అనుమాట తప్ప వేఱు సమాధానము లేదు. గాజుగొట్టముపైన నొక సంఖ్యయు, లోని కాడపైన అదే సంఖ్యయు చెక్కబడియుండును; ఒక జత గొట్టములో వేఱొక జత కాడను దూర్చినచో బిగువు చాలక మందు వెనుకకు కారును గనుక, ఉడికినవానిని పట్టకారుతో తీయునపుడు సంఖ్యలు సరిచూచుట అవసరము. ముదిమివలన కన్నులు మసకబారిన ఆయనకు ఆ సంఖ్యలు చదివి చెప్పు పని, పదియేండ్లవాడనైన నాకు లభించెను. తరగతిలో ఎక్కాలు తప్పుచెప్పి చెంపదెబ్బలు తిన్న నేను ఆ అరుగుమీద అంకెలు చదువునపుడు మాత్రము ఎన్నడును తప్పలేదు. పని ముగిసిన వెంటనే సిరంజిలోనికి చన్నీరు లాగి, రెండుమూడు మార్లు సూదిగుండ చిమ్మి, తీగను దూర్చి తీసి, మరల దూర్చి దాచెడివారు. వారమునకొకమారు సూదిమొనలను నూనెరాయిపై నూరి, పిడికెడు దూదిపై మెల్లగా లాగి పరీక్షించెడివారు. దూదిపోగు ఒక్కటి తగులుకొన్నను మొన వంగినదని గుర్తు. ఆ సూది మరల రాయిమీదికి పోవలసినదే.

ఇన్నాళ్ళకు ఆ పెట్టెను ముందు పెట్టుకొని కూర్చున్నపుడు నాకు తోచినదేమనగా, అందులో పారవేయవలసిన వస్తువు ఒక్కటియు లేదు. స్పిరిటులో ముంచిన దూదిపింజ పొయ్యిలో పడెడిది. మందు సీసాలను పిల్లలము పోటీపడి తీసికొనెడివారము. రబ్బరు మూతలు మా ఆటలలో బండిచక్రములయ్యెను. సూది మాత్రము ఎక్కడికిని పోలేదు. ఇక నూరుటకు వీలులేక పొట్టిదైపోయినదానినో, విరిగినదానినో ఆయన ఖాళీ ఆముదపు సీసాలో వేసి బిరడా బిగించెడివారు. ఆ సీసా కూడ అటకమీదనే దొరకినది. చేతబట్టి ఊపగా గలగలలాడినది. నాకు జ్ఞాపకమున్నంతలో పదునెనిమిదేండ్లు సాగిన ఆ పనిలో ఆ సీసా సగమైనను నిండలేదు.

సూదిని ఇట్లు భద్రపఱచుట కంపౌండరు విద్యవలననే అబ్బినది కాదు. తెలుగింట కుట్టుసూదికి గల మర్యాద చాల పాతది. పూసలవాండ్రు గంపలలో అద్దములు, పిన్నీసులు, సూదులు పెట్టుకొని వీథులవెంట తిరుగుచు, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు చుట్టగా చుట్టి యిచ్చిన యిల్లాలికి మాఱుగా రెండు సూదులిచ్చిపోయెడి కాలమున, సూది వెలయిచ్చి కొన్న వస్తువైనను, వెంట్రుకలిచ్చి మార్చుకొన్న వస్తువైనను, పోగొట్టుకొనదగిన వస్తువు మాత్రము కాదు. సందెవేళ ఉప్పునువలెనే సూదినిగూడ ఎరువియ్యరాదని పెద్దలు శాసించిరి. ఆ శాసనమునకు లక్ష్మీకటాక్షము కారణమని వారు చెప్పినను, చీకటిలో చేతులు మారు సూది నేల రాలినచో దొరకదను లౌకికభయమే దానికి మూలమని నా యనుమానము. నేల రాలిన సూది దొరకువరకు ఇంట నెవ్వరును కదలరాదు. దీపము నేలకానించి, చాప దులిపి, పసిపిల్లను చంకకెత్తుకొని వెదకవలసినదే. పాదమున విరిగిన సూది నెత్తుటివెంట ప్రాకి గుండెకు చేరునని మా నాయనమ్మ గట్టిగా నమ్మెడిది. ఆ శరీరశాస్త్రము తప్పు కావచ్చును గాని, ఆ భయము మా యింట ఒక్క పాదమును కూడ గ్రుచ్చుకొననీయలేదు.

వైద్యమునందును సూదికి ప్రాచీనస్థానము కలదు. సుశ్రుతుడు చెప్పిన యిరువది శస్త్రములలో ‘సూచి’ యొకటి. గాయమును కుట్టుట దాని పని. రసవైద్యులు ‘సూచికాభరణరసము’ అను నొక యుగ్రౌషధమును సన్నిపాతమునందు మరణావస్థలో నున్నవానికి, నడినెత్తిపై గాటు పెట్టి, సూదిమొనకు అంటినంత మాత్రము ఆ గాటున రుద్దెడివారు. మందును నోటితో గాక నెత్తుటితో కలుపవలెనను ఊహ మనకు క్రొత్తది కాదనుటకు ఇది చాలును. కాని సూదికి రంధ్రము కలిగినది వేఱొక దేశమున.

1844లో డబ్లిన్ నగర వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్, ముఖమున నరముల నొప్పితో బాధపడు నొక స్త్రీకి బోలుసూదిగుండ చర్మము క్రిందికి మందును జార్చెను. దానికి త్రోయుకాడ లేదు, ద్రవము తన బరువుతో తానే దిగెడిది. 1853లో లియాన్‌లో ప్రవాజ్ మరతో త్రిప్పు వెండి సిరంజిని చేయించెను. అదే యేట ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ గాజు సిరంజికి బోలుసూదిని తగిల్చి ప్రయోగించెను. పందొమ్మిదవ శతాబ్ది చివర పూర్తిగా గాజుతో చేసిన సిరంజి పారిసులో పుట్టినది, ఉడికించినను చెడదు గనుక లోకమంతట వ్యాపించెను. మా పెదనాన్నగారి పెట్టెలోనివి ఆ వంశమున పుట్టినవే.

ఉడికించుట ఎందుకో మన దేశమునకు తెలిసివచ్చిన కథ దారుణమైనది. 1897లో బొంబాయిలో హాఫ్కిన్ పండితుడు ప్లేగునకు టీకామందు సిద్ధపఱచి ముందుగా తన శరీరముపైననే పరీక్షించుకొనెను. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున నూటయేడుగురికి ఆ టీకా వేయగా, ఒక్క సీసాలోని మందు తీసికొన్న పందొమ్మిదిమందియు ధనుర్వాతముతో మరణించిరి. నింద హాఫ్కిన్‌పై పడెను. ఆయనను పదవినుండి తొలగించిరి. తరువాత తేలినదేమనగా, ఆ సీసా బిరడాను తీయుటకు వాడిన పట్టకారు నేలపై పడినదట. దానిని తగురీతిగా శుద్ధిచేయక మరల వాడిరి. రొనాల్డ్ రాస్ మొదలగువారు పత్రికాముఖమున వాదించిన పిమ్మట 1907లో హాఫ్కిన్ నిర్దోషియని తేలెను గాని, ఆ మధ్యకాలపు అవమానము తీరనిది. నేల రాలిన పట్టకారు ఒక్కటి పందొమ్మిది ప్రాణములను బలిగొన్నదను ఈ వృత్తాంతమును మా పెదనాన్నగారు ఎఱుగుదురో ఎఱుగరో కాని, ఆయన చేతినుండి జారిన పట్టకారు వెంటనే మరల నీటిలో పడెడిది, గడియారము మరల సున్నవద్ద మొదలయ్యెడిది.

అంతవరకు సిరంజి వైద్యుని సొత్తు. దానిని గృహస్థుని సొత్తుగా మార్చినది ఇన్సులిన్. 1922 జనవరిలో టొరంటో నగరమున మొదటిసారి యొక మధుమేహ రోగికి ఇచ్చిన ఆ మందు నోట మ్రింగుటకు పనికిరాదు, దినదినము చర్మము క్రిందికే పోవలెను, బ్రతికియున్నన్నాళ్ళు పోవలెను. ప్రతిదినము వైద్యుని యింటికి పోవుట ఎవరితరము? 1924 నాటికే ఇన్సులిన్‌కు ప్రత్యేకముగా యూనిట్ల గీతలు గల సిరంజి అంగడికి వచ్చెను. సూది వంటయింటి గూటిలో నివాసమేర్పఱచుకొన్నది అప్పటినుండియే. కాని ఆ గూటిలోనిది నెలలకొలది అదే సూది. ఉడికినది, నూరబడినది, ఇంటివారి పేరు పేరున ఎఱిగినది. ఆ కాలపు గృహమునకు వాడిన సూదిని ఎచ్చట వేయవలెనను ప్రశ్న పుట్టనేలేదు.

అయినను ఉడికించు యుగమును స్వర్ణయుగమని పొగడుటకు నా మనస్సొప్పదు. మా పెదనాన్నగారి యిరువది నిమిషములు ఎందఱు పాటించిరి? తిరునాళ్ళలో, బడులలో, వందలమంది వరుసగా నిలుచున్నచోట గడియారము చూచు తీరిక యెవరికి? 1948లో మదనపల్లెలో మొదలైన క్షయవ్యాధి టీకా, అనగా బీసీజీ, కొలది యేండ్లలోనే దేశమంతటికి వ్యాపించినపుడు, 1955లో రాజాజీ దానిని బాహాటముగా వ్యతిరేకించి చిన్న పుస్తకము ప్రకటించుటయు, ఆరోగ్యమంత్రిణి అమృత్ కౌర్ దానిని సమర్థించుటయు పెద్దలకు జ్ఞాపకముండును. ఆ వివాదమున రాజాజీ పక్షము నిలువలేదు. నా తరమువారి జ్ఞాపకమున నిలిచినది మాత్రము బడి వరండాలోని బారు, ముందువాని యేడ్పు, టీకాలవాని చేతిలోని మంట. మశూచికమునకు వాడిన రెండుమొనల సూది మరల మరల శుద్ధిచేసి వాడుటకే నిర్మింపబడినది. వాడిన సూదులను డబ్బాలో వేసికొని సాయంత్రమునకు తెచ్చి యుడికించెడివారు. 1975 తర్వాత ఈ దేశమున ఆ వ్యాధి లేదు గనుక ఆ సూదికి మనము ఋణపడియున్నాము.

ఋణమునకు రెండవ పుట కూడ కలదు. ఈజిప్టు దేశమున నైలునది రైతులను పీడించు నొక క్రిమిరోగమును తొలగింప, 1950ల నుండి 1980ల వరకు ప్రభుత్వము గ్రామగ్రామమున సూదిమందు వేయించెను; గాజు సిరంజిలను చాలినంత యుడికింపక మరల వాడుటచే, ఒక రోగము తగ్గి, కాలేయమును దొలుచు హెపటైటిస్ ‘సి’ లక్షలమందికి సోకెను. నీటిని తెర్లించినవారందఱును గడియారము చూచినవారు కారు.

మన ప్రజలకు సూదిపై గల భక్తి కూడ ఈ చరిత్రలో చేరవలసినదే. పుణె సమీపమున పింప్రిలో 1954 తర్వాత పెనిసిలిన్ తయారై చవుకగా లభించుటతో, చావు తప్పదనుకొన్న జ్వరములు మూడునాళ్ళలో దిగిపోవుట కన్నులార చూచిన పల్లెవాసికి, మహిమ మందులో నున్నదో సూదిలో నున్నదో వివేచించు నవసరము కలుగలేదు. ‘సూదేయని డాక్టరు డాక్టరేనా?’ అను మాట కృష్ణకు అటును ఇటును వినబడునదే. మాత్ర వ్రాసియిచ్చి పంపిన ఎం.బి.బి.ఎస్. వైద్యుని విడిచి, మోటారుసైకిలుపై సంచి తగిలించుకొని గుమ్మములోనికి వచ్చి సూది పొడిచిపోవు ఆర్.ఎం.పి.నే జనులు నమ్మిరి. ఈ శతాబ్ది తొలియేండ్లలో దేశవ్యాప్తముగా జరిగిన యొక పరిశీలనలో, ఏటేట మూడువందల కోట్లకు మించి ఇంజక్షనులు పడుచున్నవనియు, వానిలో దాదాపు 63 శాతము ఏదోయొక విధముగా సురక్షితము కావనియు తేలెను. ఆ పడుచున్న సూదులలో అవసరమైనవి ఎన్నియో వేఱుగ లెక్కింపవలసిన విషయము.

అంతలో ప్లాస్టిక్కు వచ్చెను. న్యూజీలాండులో మందుల దుకాణము నడుపు కోలిన్ మర్డోక్ 1950లలో, ఒక్కమారు వాడి విసర్జించు ప్లాస్టిక్కు సిరంజిని రూపొందించెను. అమెరికాలో 1961 నాటికి అటువంటివి విరివిగా అమ్ముడుపోసాగెను. మన దేశమున అవి చాలకాలము పెద్ద ఆసుపత్రులలో మాత్రమే కనబడినవి. వానిని పల్లెకు తెచ్చినది భయము. 1986లో మదరాసులో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడిన వార్త, పిమ్మట పదియేండ్లపాటు గోడలమీద, రేడియోలో, బస్సు వెనుకతట్టున వ్రాసిన హెచ్చరికలు కలిసి, నిరక్షరాస్యుడైన కూలివానిచేత కూడ “డాక్టరుగారూ, కొత్త సూది. కవరు నా ముందరే చించాల” అనిపించెను. మందుల దుకాణములో “డిస్పోవాన్ ఒకటియ్యండి” అని అడిగి కొనితెచ్చి, జేబులో పెట్టుకొని వైద్యునికడకు పోవుట ఆచారమయ్యెను. ఆ యొక్క వ్యాపారనామమే సిరంజికి పర్యాయపదమయ్యెను. ప్రజలు తామై తెలిసికొని వైద్యునిచే పాటింపజేసిన ఆరోగ్యసూత్రములు మన చరిత్రలో బహుస్వల్పము. ఇది వానిలో నొకటి యని నేను గౌరవముతో చెప్పుదును.

కాని కవరు చించుటను కన్నార్పక చూచినవాడు, సూది వేసిన పిదప అది ఎచ్చట పడినదో చూడలేదు. బల్లక్రింది ప్లాస్టిక్కు బుట్టలోనికి, అచ్చటినుండి వీథిచివరి కుప్పలోనికి, కుప్పనుండి చిత్తుకాగితములు ఏరుకొను పిల్లవాని గోనెసంచిలోనికి, సంచినుండి పాత సామాన్ల కొట్టులోని తూనికలోనికి అది నడచిపోయెను. కొన్నియెడల ఆ నడక అంతటితో ఆగలేదు. 2009 ఆరంభమున గుజరాత్‌లోని మోడాసా పట్టణమును పరిసరగ్రామములను హెపటైటిస్ ‘బి’ పట్టుకొని పదులకొలది మందిని పొట్టనబెట్టుకొనెను. విచారణలో కొందఱు వైద్యులు వాడిన సూదులనే మరల వాడిరని తేలుటయే గాక, పారవేసిన సిరంజిలను ఏరి, చేర్చి, మరల అమ్మకమునకు పంపు రహస్యవ్యాపారము కూడ బయటపడెను. గాజుయుగమున మరల వాడుటకు ముందు నీరైనను కాగెడిది. ప్లాస్టిక్కు యుగమున అదియు లేదు.

చట్టము మెల్లమెల్లగా వెంటబడినది. ఢిల్లీ చెత్తకుప్పలపై డాక్టరు వధేరా వేసిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు, ఏబదియు అంతకు మించియు పడకలు గల ఆసుపత్రులు దహనయంత్రములు పెట్టుకొనవలెనని ఆదేశించెను. 1998 జూలైలో జీవవైద్య వ్యర్థముల నియమములు వచ్చెను. 2016 మార్చిలో వాని స్థానమున క్రొత్తవి వచ్చెను. వీనిప్రకారము ఆసుపత్రిలో పసుపు, ఎరుపు, తెలుపు, నీలము అను నాలుగు వర్ణములు. సూదికి దక్కినది తెలుపు, అనగా గ్రుచ్చినను చిల్లుపడని, కారని, ఒకమారు మూసిన తెఱవరాని, లోపలిది మసకగా కనబడు డబ్బా. దానిలోని సూదులను ఆవిరితోనో పొడివేడితోనో శుద్ధిచేసి, ముక్కలుచేసి, కాంక్రీటులో పూడ్చుటయో, ఇనుము కరగించు కొలిమికి పంపుటయో చేయవలెను. పసిపిల్లల టీకాలకు, ఒక్కమారు నొక్కినంతనే తనంత తానే బిగిసిపోయి రెండవమారు పనిచేయని సిరంజి ప్రవేశించెను. మనుష్యుని నిజాయితీని నమ్మక యంత్రమునకే నిజాయితీ నేర్పిన ఆ ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది, కొంచెము సిగ్గునుగూడ కలిగించినది.

ఇంత కట్టుదిట్టము ఆసుపత్రి గడపవరకే. గడప దాటి ఇంటికి వచ్చిన సూదికి, అదే 2016లో వెలువడిన ఘనవ్యర్థముల నియమములలో వేఱొక పేరు పెట్టిరి: గృహసంబంధమగు ప్రమాదకర వ్యర్థము. రంగుడబ్బా, పురుగుమందు డబ్బా, కాలిపోయిన గొట్టపుదీపము, కాలము తీరిన మాత్రలు, పగిలిన పాదరసపు జ్వరమాపకము, వీని సరసన వాడిన సూదిని సిరంజిని గూడ కూర్చుండబెట్టిరి. ఇట్టివానిని ఇచ్చుటకు ప్రతి యిరువది చదరపు కిలోమీటరులకు ఒక కేంద్రమును పురపాలకసంఘము నెలకొల్పవలెనని ఆ 2016 నియమములు చెప్పినవి. మా పట్టణములో అట్టిది ఎచ్చటనో తెలిసికొనవలెనని నేను నాలుగు కిటికీలు తిరిగితిని. మూడవ కిటికీలోనివాడు నన్ను మొదటి కిటికీకి పంపెను. హైదరాబాదులో 2015లో ఇంటింటికి రెండేసి బుట్టలు పంచిరి, తడిచెత్తకొకటి, పొడిచెత్తకొకటి. సూది తడియో పొడియో పండితులు నిర్ణయింపవలెను. ఆంధ్రప్రదేశపు పట్టణములలో 2021 తర్వాత ఎఱ్ఱని మూడవ బుట్ట కూడ వచ్చెను. మా వీథిలో ఆ యెఱ్ఱబుట్ట గట్టిది గనుక, పలు యిండ్లలో ఉల్లిపాయలు నిలువయుంచుటకు వినియోగపడుచున్నది.

ఈ విషయమున నాకింత పట్టుదల కలుగుటకు కారణము చెప్పవలెను. ఎనిమిదేండ్లుగా నేను రోజునకు రెండుమార్లు ఇన్సులిన్ పొడుచుకొనుచున్నాను. ఏటికి ఏడువందలముప్పది సూదులు! మా పెదనాన్నగారు పదునెనిమిదేండ్లలో ఊరంతటికి కలిపి విసర్జింపని సంఖ్యను నేనొక్కడను ఆఱునెలలలో దాటుదును. మొదట చాలకాలము నేనును అందఱివలెనే వాడినదానికి మరల టోపీ తొడిగి, దినపత్రికలో చుట్టి, చెత్తబుట్టలో వేయుచుంటిని. పైగా, చుట్టుచున్నాను గదా యని నాలో నేనే సంతోషించితిని. ఒకనాటి ఉదయము చెత్తబండి తోలుకొని వచ్చు ఆమె చూపుడువ్రేలికి గుడ్డపీలిక కట్టుకొని యుండగా, ఏమైనదమ్మా యని యడిగితిని.

“ఏముందండీ, సూది గుచ్చుకుంది. ఎవురింట్లోదో. నెలకోసారి ఉండేదేగా” అని ఆమె బుట్టను బండిలో కుమ్మరించెను. కుమ్మరించునపుడు మా పత్రికచుట్ట ఆ చేతిక్రిందనే విప్పుకొనెను.

అది మా యింటిదే యని నిశ్చయముగా తెలియదు, కాదని చెప్పుటకును నాకు నోరు లేదు. గ్రుచ్చుకొన్న సూది రోగిదైనచో వ్యాధి సోకు నవకాశమును వైద్యులు మూడు అంకెలలో చెప్పుదురు: టీకా తీసికొననివారికి హెపటైటిస్ ‘బి’ నూటికి ముప్పదివరకు, ‘సి’ నూటికి సుమారు మూడు, హెచ్.ఐ.వి. వేయికి మూడు. ఆసుపత్రిలో నర్సునకు గ్రుచ్చుకొన్నచో వెంటనే పరీక్ష, మందు, నమోదుపుస్తకము కలవు. ఈమెకు గుడ్డపీలిక కలదు. వాడిన సూదికి మరల టోపీ తొడుగుటయే చేతికి గ్రుచ్చుకొను ముఖ్యకారణములలో నొకటి యని కూడ ఆ తరువాతనే తెలిసికొంటిని. మర్యాదగా తోచిన పని ప్రమాదమగుట ఇట్టిచోటనే.

మా అక్కగారు ఏటేట ఆఱు నెలలు కాలిఫోర్నియాలో కొడుకువద్ద నుందురు, ఆమెకును ఇన్సులినే. అచ్చట 2008 సెప్టెంబరు నుండి ఇంటిలో వాడిన సూదులను మామూలు చెత్తలో వేయుట చట్టవిరుద్ధము. మేనల్లుడు మందుల దుకాణమునుండి ఎఱ్ఱని గట్టిడబ్బా తెచ్చి స్నానగృహమున పెట్టెనట. నిండినపిమ్మట దానికొక నిర్ణీతస్థానమున్నదట. 1987, 1988 వేసవులలో న్యూజెర్సీ, న్యూయార్కు సముద్రతీరములకు అలలతోగూడ సిరంజిలు కొట్టుకొనివచ్చి, స్నానమునకు వచ్చిన జనులు పరుగిడిన తరువాతగాని ఆ దేశమునకును మెలకువ కలుగలేదు. అక్కగారికి ఆ యెఱ్ఱడబ్బా మొదట వింతగా తోచెనట గాని, ఇచ్చటికి తిరిగివచ్చునపుడు ఖాళీది ఒకటి పెట్టెలో పెట్టుకొని వచ్చెను. ఇచ్చట అది నిండినది. నిండి, ఆమె గదిలో దేవుని పటముల క్రింద అట్లే యున్నది.

నాకు ఎఱ్ఱడబ్బా లేదు. నేల తుడుచు మందు సీసా, దళసరి ప్లాస్టిక్కుది, మరబిరడా గలది, కడిగి ఆరబెట్టితిని. సూది పొడుచుకొన్న మఱుక్షణమే, టోపీ తొడుగక, మొన ముందుగా దానిలోనికి జారవిడుతును. మూడుపాళ్ళు నిండిన వెంటనే బిరడా బిగించి, అతికెడి పట్టీ చుట్టి, ‘సూదులు, తెఱవరాదు’ అని తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయుదును. పురపాలక కిటికీలు విఫలమైన పిదప మా వీథిచివర నున్న చిన్న రక్తపరీక్షల కేంద్రమునకు మొదటి సీసా పట్టుకొని పోయితిని. అచ్చటి కుఱ్ఱవాడు తెల్లడబ్బా చూపి తలయూపెను గాని వెంటనే పుచ్చుకొనలేదు. ప్రతి సంచికిని డబ్బాకును గీతల చీటి అంటించి, తూచి, పంపవలెనట. తూకము పెరిగినచో ఎక్కడివని యడుగుదురట. నేను సీసాను బల్లపై పెట్టి నిలుచుంటిని. పదియేండ్ల వయసున అరుగుమీద సంఖ్యలు చదువుచు నిలుచున్నట్లే యుంటినని తోచెను. అతడు సీసాను చేతబట్టి ఊపి, గలగల విని, లోపలికి తీసికొనిపోయి తిరిగివచ్చెను.

“ఈసారికి ఉంచుతాను సార్. మళ్ళీ తెచ్చేటప్పుడు సాయంత్రం ఏడు దాటాక రండి. ఇంకెవరికీ చెప్పకండి.”